ఇతర ఖర్చులు: లేవు

తార్నాక,
23-12-1968.

విశ్వవిద్యాలయ వసతి గృహాల ముఖ్య పాలనాధికారి గారి సముఖమునకు, తమ కార్యాలయపు లెక్కల విభాగంలో గుమాస్తా కె. శేషాద్రి రెండు చేతులూ జోడించి సమర్పించుకొను విన్నపము.

అయ్యా,

విషయం: మూడవ నంబరు వసతి గృహమునకు రాగల మూడేళ్ల బొగ్గు సరఫరా ఒప్పందముపై జనవరి ఒకటవ తేదీన తమరు సంతకము చేయకుండుట గురించి, ఎండతో నీళ్లు కాచు పెట్టెలు, పేడ గ్యాసు ప్లాంటు ప్రతిపాదనను తిరిగి తెరచుట గురించి, ఆ ప్రతిపాదన మూతపడుటకు కారకుడైన గుమాస్తా నేనే అగుట గురించి.

సూచిక: (1) పొగగొట్టము ఎత్తు పెంచవలెనని కోరుతూ 9-1-1967న నేను పెట్టుకున్న అర్జీ. (2) దానిని ఆమోదిస్తూ తమరు దయచేసిన ఉత్తర్వు. (3) బొగ్గు, గ్యాసు ఖర్చుల తులనాత్మక పట్టిక, ఆగస్టు 1968, నా చేతిరాత.

1. నేను ప్రొద్దుటూరు వాడను. ఏడేళ్లుగా తమ కార్యాలయంలో పనిచేస్తున్నాను. తార్నాకలో క్యాంపస్ గోడ వెనక సందులో రెండు గదుల అద్దె ఇంట్లో నేనూ నా భార్య రమాదేవీ కాపురముంటున్నాము. నా రాత గుండ్రంగా ఉంటుందనీ, ఆఫీసు భాష నాకు కరతలామలకమనీ ఒక పేరున్నది. అందుచేత రేషను కార్డుకైనా, బదిలీకైనా, బావమరిది నౌకరీకైనా అర్జీ కావలసినవారు మెట్టుగూడ నుంచి కూడా నా గుమ్మంలోకి వస్తారు. నేను రాసిన అర్జీల్లో ఫలించినవి బహు తక్కువ. ఒక్కటి మాత్రం నూటికి నూరుపాళ్లూ ఫలించింది. అది నా సొంత అర్జీ. దాని ఫలితమే నన్నీవేళ తమ ముందు దోషిగా నిలబెట్టింది.

2. సదరు వసతి గృహంలో రెండువందల నలభైమంది విద్యార్థుల స్నానాలకు 1965లో బొగ్గు బాయిలరు పెట్టారు. దాని పొగా, వంటశాల పొగా ఒకే గొట్టంలోంచి పోతాయి. ఆ గొట్టం అప్పట్లో పొట్టిది. అందులోంచి వచ్చినదంతా సరిగ్గా మా పెంకుల మీద దిగేది. మూత మరిచిన గిన్నెలో పాల మీద మీగడ నల్లగా కట్టేది. నా భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన ఉబ్బసం కాస్త ఉండేది. ఇక్కడికొచ్చాక అది కొండంత అయింది. జడ వేసుకోవడానికి చేతులెత్తితే ఆయాసం. మాట సగంలో ఆపి, ఊపిరి దొరికాక తక్కిన సగం చెప్పేది. ఆమె వాక్యం పూర్తయ్యేదాకా నేను ఎదురుగా నిలబడి ఉండేవాడిని, అయ్యా, అంతకంటే నా చేత ఏమీ అయ్యేది కాదు.

ఆ రోజుల్లో ఆమెను చూసుకున్నది మా చాకలి పోచమ్మ. పోచమ్మ భర్త దానయ్య వసతి గృహాల దుప్పట్లు, తెరలు ఉతికే ఆరు కుటుంబాలకు పెద్ద. పోచమ్మ అంతకుముందు మా ఇంట మూట వాకిట్లోనే దించి వెళ్లేది; గడప దాటేది కాదు, మేమూ రమ్మనలేదు. రమాదేవికి బాగా పెరిగిన ఆ చలికాలంలో ఎవరూ పిలవకుండానే లోపలికొచ్చి మంచం పక్కన కూర్చుని, నువ్వుల నూనె వెచ్చచేసి వీపు రాసింది. నేను ఆఫీసులో కూర్చుని రశీదులు అంటిస్తున్న గంటల్లో నా భార్యను బతికించినది ఆవిడ. ఇది ఏ ఫైలులోనూ లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

3. అప్పుడు నేను సూచిక (1) అర్జీ పెట్టుకున్నాను. అంత మంచి అర్జీ నేను మళ్ళీ రాయలేదు. తమరు దయతలచి జూన్ మాసంలో గొట్టాన్ని పన్నెండు అడుగులు పెంచారు. తాపీవారు చివరి వరస ఇటుక పెట్టిన మర్నాడే మా పెరట్లో ఆకాశం కనిపించింది. నెల తిరక్కుండా రమాదేవి పక్కింటివారితో పోట్లాడింది. ఒక్క దమ్మున, మధ్యలో ఆగకుండా పోట్లాడింది. నేను గదిలో కూర్చుని విని ఆనందంతో ఏడ్చాను. తమ పేరు చెప్పుకుని కొబ్బరికాయ కొట్టాము.

4. సూచిక (2) ఉత్తర్వులో "ఎత్తు పెంచుటవలన పొగ గాలిలో కలిసిపోగలదు" అని ఉన్నది. పొగ ఆ ఉత్తర్వు చదవలేదు. మా ఇల్లు దాటి, క్యాంపస్ చెట్లు దాటి, అంబర్‌పేట్ వైపు దిగే వాగు దగ్గర పడటం మొదలుపెట్టింది. అక్కడే మన చాకలివారి రేవు. అక్కడే వారు దుప్పట్లు ఆరవేస్తారు. ఉతికిన దుప్పటి దండెం మీద ఆరేలోపల దాని మీద మసి చుక్కలు పడతాయి. దులిపితే పోవు, దులిపితే ఇంకా పరుచుకుంటాయి. మళ్ళీ సోడా, మళ్ళీ సబ్బు, మళ్ళీ బండ. చలికాలంలో పొగ పైకి లేవదు, వాగులో కూర్చుంటుంది. పిల్లా జెల్లా అందరూ దానిలోనే ఊపిరి తీస్తారు.

చాకలివారు బట్టలు ఉడికించే బాన కింద తాము మంట పెట్టుకోవడం లేదా అని తమరు అడగవచ్చు. పెడతారు. వారానికి రెండు పూటలు, కట్టెలతో. మన గొట్టం వారానికి ఏడు రోజులు, పొడి కలిసిన చవక బొగ్గుతో. రెండూ ఒకటేనని నేనూ మొదట్లో నాకు చెప్పుకుని చూశాను. వెళ్లి ఒక గంట నిలబడ్డాక ఆ మాట నోట రాలేదు.

ఇదిలా ఉండగా, దుప్పట్లు నల్లగా వస్తున్నవి గనుక ఈ నెలాఖరులోగా బాగుపడకపోతే ఉతుకుడు పనిని పట్నంలోని ఒక లాండ్రీకి అప్పగించగలమని దానయ్యకు నోటీసు వెళ్లింది. పొమ్మనలేక పొగబెట్టడం అని లోకంలో సామెత. మనం పొగా పెట్టాము, పొమ్మని నోటీసూ ఇచ్చాము. ఆ నోటీసు చిత్తుప్రతి కూడా నా రాతే.

5. ఈ నెల పన్నెండవ తేదీన పోచమ్మ మా ఇంటికి వచ్చింది. రమాదేవి కోలుకున్నాక మూట లేకుండా రావడం అదే మొదలు. మెట్టు మీద కూర్చుని చాలాసేపు దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుని, ఆ కొంగును మడిచి దాచుకున్నది. నేను చూశాను. తరువాత ఇలా అన్నది:

"సారూ, నీకు దండం పెడత. గా గొట్టం పొడుగు జేసినకాడికెల్లి గీ మసంత మా నెత్తిమీదనే పడ్తున్నది. పొద్దుగాల తెల్లగ ఆరేస్తే మాపటికి నల్లగైతున్నయి. ఇప్పుడేమొ కాయితం పంపిండ్రు, ఇంక పని ఇయ్యరంట. ఒక అర్జీ రాయి సారూ."

"ఎవరి మీద?" అన్నాను.

"ఎవలో ఒక సారు ఉన్నడంట. గాయన అర్జీ పెడితెనే గొట్టం మీదికి లేపిండ్రంట. గాయన మీద రాయి. మల్ల కోసెయ్యమను, ఎట్లుండెనో గట్లనే జెయ్యమను. నీ రాత మంచిగుంటదంట గదా, ఆఫీసర్లు ఇంటరు."

"ఆయనెవరో నీకు తెలుసునా పోచమ్మా?" అని అడిగాను.

"ఎవలైతే నాకేంది? మా దానయ్య అంటడు, గాయన ఇంట్ల గూడ ఎవలో దగ్గుతుండిరేమో, లేకుంటె ఊకెనే ఎందుకు పెడతడు అని. ఉండొచ్చు. అయితె మేమేం జెయ్యాలె? మాకు గూడ బొక్కల్ల ఉన్నది ఊపిరే గదా సారూ." తరువాత తలుపు వైపు తిరిగి, "అమ్మ మంచిగున్నదా?" అని అడిగింది.

మంచిగానే ఉన్నదని చెప్పాను. రేపు రాస్తానని పంపించాను. అది మొదలు నేటికి పదకొండు రోజులు. మొదటి వారం రోజూ ఎదురుపడి "రాసినవా సారూ?" అన్నది. కలం పాడైందన్నాను, కాగితం లేదన్నాను, పైవారు ఊళ్లో లేరన్నాను. నాలుగు రోజులుగా సందు చుట్టూ తిరిగి, రైలు గేటు మీదుగా ఆఫీసుకు వస్తున్నాను. నా మీద నేను అర్జీ రాయడం ఎలాగో ఏడేళ్ల నౌకరీలో నాకెవరూ నేర్పలేదు. కోసెయ్యమని రాస్తే రమాదేవి పోతుంది. రాయకపోతే పోచమ్మ పోతుంది. అయ్యా, ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు.

6. ఇద్దరూ బతికే దారి ఒకటి ఉండెను. దానిని నేనే మూసివేసితిని. ఇప్పుడు ఆ సంగతి మనవి చేస్తాను.

మన ఇంజనీరింగు విభాగంలో ఉపన్యాసకురాలు కాత్యాయని గారు గత జూలైలో ఒక ప్రతిపాదన సమర్పించారు. వసతి గృహం మేడ మీద నల్లరంగు వేసిన గొట్టాలను అద్దపు పెట్టెల్లో పరిచి, ఎండతోనే స్నానాల నీళ్లు కాచుకోవచ్చు. క్యాంపస్ పశుశాలలోని నూటపది పశువుల పేడను తొట్టిలో మాగబెడితే వచ్చే గ్యాసుతో వంటలో మూడింట రెండు వంతులు చేసుకోవచ్చు. మిగిలిన వంతుకూ, ఎండ లేని ముసురు రోజులకూ మాత్రం బొగ్గు ఉంచుకోవచ్చు. ఆవిడ ఇందులో ఏమీ దాచలేదు, ఏదీ పెంచి చెప్పలేదు. ఒక పెట్టెను మేడ మీద పెట్టి చూపించారు కూడా. మా సూపరింటెండెంటుగారు నమ్మక ఆ నీళ్లలో చేయి ముంచి కెవ్వుమన్నారు. ఫైలులో మాత్రం "వేడి సంతృప్తికరము" అని రాయించారు.

బొగ్గుకూ గ్యాసుకూ ఖర్చు పోల్చి పట్టిక తయారుచేసే పని నాకు పడింది. ఎనిమిది గడులు రశీదులు చూసి నింపాను. బొగ్గు ఏడాదికి ఏడువేల నాలుగువందల రూపాయలు. కొత్త పద్ధతి, కట్టుబడి ఖర్చు ఏళ్లకు పంచుకుంటే, ఏడాదికి తొమ్మిదివేల నూటయాభై. తొమ్మిదవ గడి పేరు "ఇతర ఖర్చులు, నష్టములు".

మా విభాగంలో రెండు నియమాలున్నవి. రశీదు లేని మొత్తము చూపరాదు. ఏ గడీ ఖాళీగా విడువరాదు. దగ్గుకు రశీదు ఎవరిస్తారు? మసికి వోచరు ఎక్కడుంటుంది? అందుచేత గుమాస్తా అన్నవాడు ఎవడైనా ఏమి రాస్తాడో నేనూ అదే రాశాను. బొగ్గు వరసలో తొమ్మిదవ గడిలో, గుండ్రటి అక్షరాలతో, "లేవు" అని రాశాను. ఆ ఒక్క మాట ఆధారంగా ఏడాదికి పదిహేడువందల యాభై రూపాయలు మిగులుతున్నవని తేల్చి నవంబరులో ప్రతిపాదనను తిరగ్గొట్టారు.

నియమాల మీదికి నెట్టి తప్పించుకోవాలని నాకూ ఉన్నది. కాని ఈ అర్జీలో అబద్ధం రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అయ్యా, ఆ గడి నింపేటప్పుడు నాకు బొగ్గు పొగ గుర్తే రాలేదు. రెండేళ్లు దానితో కాపురం చేసినవాడిని. మందులకోసం భార్య గాజులు కుదువపెట్టినవాడిని. కాని అప్పటికి పొగ మా ఇంటి మీద పడటం మానేసి పద్నాలుగు నెలలయింది. తనదాకా వస్తేగాని తెలియదని పెద్దలన్నారు. తననుంచి పోయిన తరువాత తెలిసింది కూడా పోతుందని వారు చెప్పలేదు, అది నేను సొంతంగా కనిపెట్టాను.

ప్రతిపాదన తిరిగొచ్చిన రోజున కాత్యాయని గారు మా విభాగానికి వచ్చారు. పట్టిక మీద వేలుపెట్టి, "ఈ తొమ్మిదో గడి నింపింది ఎవరండీ?" అని అడిగారు. నేను తల వంచుకుని జిగురు సీసా మూత బిగిస్తున్నాను. ఆవిడ కోప్పడలేదు. "పాపం, వాళ్లింట్లో ఎవరికీ ఎప్పుడూ ఊపిరాడకుండా అయ్యుండదు" అని వెళ్లిపోయారు.

7. కావున తొమ్మిదవ గడిని ఇందుమూలముగా సవరించుచున్నాను. రశీదులు లేవు. కళ్లతో చూసి, నిన్న ఆరు గుడిసెలూ తిరిగి అడిగి రాసినది.

రెండోసారి ఉతకడానికి అదనపు సబ్బు, సోడా కుటుంబానికి నెలకు పద్నాలుగు రూపాయలు. నల్లబడిన దుప్పట్లకు మనం విధిస్తున్న జరిమానా కుటుంబానికి నెలకు సగటున పదకొండు. ఆరు కుటుంబాలకు ఏడాదికి వెరసి పద్దెనిమిది వందలు. మిగులుతున్నవని మనం సంతోషించినది పదిహేడువందల యాభై. అనగా సబ్బు దగ్గరే బొగ్గు యాభై రూపాయలు ఖరీదైపోయింది. ఇంకా మందుల దాకా రాలేదు. పని మానుకున్న రోజుల దాకా రాలేదు. దానయ్య తమ్ముడి కూతురు దగ్గు వల్ల బడి మానేసింది, దానిని ఏ అణాల్లోకి మార్చాలో తెలియలేదు. నా భార్య రెండేళ్లు సగం సగం మాట్లాడింది, దాని వెల నేను కట్టను.

పద్దెనిమిది వందలూ ఎవరో చెల్లిస్తూనే ఉన్నారు, అయ్యా. మన పుస్తకంలో లేకపోతే ఖర్చు లేనట్టు కాదు, వారి సంచిలోంచి పోతున్నట్టు. విశ్వవిద్యాలయపు వేణ్నీళ్లకు చాకలివారు చందా వేసుకుంటున్నారు.

8. పేడ గ్యాసు మీద వండిన అన్నం మా పిల్లలు తింటారా అని ఒక కమిటీ సభ్యులు ప్రశ్నించినట్లు ఫైలులో ఉన్నది. రథసప్తమి నాడు వాకిట్లో పిడకలు రాజేసి, వాటి మీద పాలు పొంగించి, ఆ పరమాన్నాన్ని సూర్యుడికే నైవేద్యం పెట్టి మనం ప్రసాదంగా తింటున్నాము. సూర్యుడు అభ్యంతరం చెప్పినట్లు దాఖలా లేదు. వసతి గృహం విద్యార్థులు ఆయనకంటే ఆచారవంతులని నేననుకోను.

9. గొట్టం సంగతీ, తొమ్మిదవ గడి సంగతీ పోచమ్మ వచ్చిన మర్నాడే మా సూపరింటెండెంటుగారికి నోటితో విన్నవించాను. ఆయన మంచివారే. తలుపు దగ్గరకు వేసి, "ఏం శేషాద్రీ, నీ ఇంటి మీద పొగ పడ్తలేదు గదా ఇప్పుడు? నీ భార్య మంచిగనే ఉన్నది. మరి నీకేం పరేషాని? ఫైల్ బంద్ అయింది. తప్పు రాసిన అని నువ్వే చెప్పుకుంటే ముందు నౌకరీ పోయేది నీదే. ఖామూషుగ ఉండు" అన్నారు. నా మేలు కోరే అన్నారు. పది రోజులు ఆ మాట ప్రకారం ఉండి చూశాను. ఉండలేకపోయాను.

నిన్న ఆదివారం. సందు చుట్టు తిరిగిపోవడానికి ఆఫీసు వంక కూడా లేకపోయింది. వాగు దగ్గరకు వెళ్లాను. పోచమ్మ బండ దగ్గర లేదు, దండెం దగ్గరా లేదు. గుడిసె ముందు గోడకు ఆనుకుని కూర్చున్నది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. "రాసిన... వా... సారూ" అన్నది. ఆ మూడు ముక్కలకు మధ్య రెండు చోట్ల ఆగింది. ఆ ఆగడం నాకు బాగా తెలుసు, అయ్యా. రెండేళ్లు దాని ఎదురుగా నిలబడినవాడిని. ఇంటికొచ్చి కాగితాలు తీసుకుని కూర్చున్నాను.

10. కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

(అ) బొగ్గు ఒప్పందం ఫైలు ఈ సాయంత్రం తమ బల్ల మీదికి వచ్చును. దానిపై ఒకటవ తేదీన సంతకం చేయవద్దు. మూడేళ్లు అని అందులో సులభంగా రాసి ఉన్నది. పోచమ్మకు మూడేళ్లు లేవు. ఈ చలికాలం ఉన్నదో లేదో నాకు తెలియదు. గ్యాసు సిద్ధమయ్యేదాకా బొగ్గు తప్పనిసరి అయితే నెలకు నెల కొనండి. పొడి లేనిది కొనండి.

(ఆ) కాత్యాయని గారి ప్రతిపాదనను సవరించిన తొమ్మిదవ గడితో తిరిగి చూడండి. ఒక్కసారి తమరు స్వయంగా వాగు దగ్గరకు వచ్చి ఉదయం ఎనిమిది గంటలకు నిలబడండి. తెల్ల చొక్కా వేసుకుని రండి. పట్టిక అక్కరలేదు.

(ఇ) దానయ్యకు ఇచ్చిన నోటీసు వాపసు తీసుకోండి. మసి వారిది కాదు, మనది.

(ఈ) తప్పు పట్టిక సమర్పించినందుకు నన్ను సస్పెండు చేయదలచిన పక్షంలో చేయండి. ఆ ఉత్తర్వు చిత్తుప్రతి కూడా నేనే రాసి పెడతాను. రాత గుండ్రంగా ఉంటుంది. ఇంక్రిమెంట్లు ఆపండి, ఊరు మార్చండి. కాని నా మీద కోపంతో ప్రతిపాదనను మళ్ళీ మూయకండి. దానికి నాతో చుట్టరికం లేదు.

(ఉ) గొట్టమును తిరిగి దించమని నేను అడుగుట లేదు. చాకలివారు నన్ను రాయమన్నది అదే. న్యాయంగా రాయవలసినదీ అదే కావచ్చు. ఆ వాక్యం నాలుగుసార్లు మొదలుపెట్టాను. నా భార్య ఇప్పుడు పెరట్లో పాట పాడుకుంటూ గిన్నెలు తోముతున్నది. రాయలేను. నన్ను క్షమించమని తమరిని కాదు, పోచమ్మను అడగాలి. ఆ ధైర్యం కూడా ఇంకా రాలేదు.

ఇన్నాళ్లూ ఊరందరి కష్టాలూ "తమ దివ్య సముఖమునకు" అని నేనే మొదలుపెట్టి నేనే ముగించేవాడిని. వారి వేలిముద్ర పక్కన నా సిరా ఆరకముందే మరిచిపోయేవాడిని. ఇది మాత్రం మరిచిపోయే అర్జీ కాదు. ఉత్తర్వు వచ్చేదాకా నేను సందు చుట్టు తిరిగే ఆఫీసుకు రావాలి. పెద్దమనసుతో త్వరపడి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కె. శేషాద్రి,
గుమాస్తా, లెక్కల విభాగం.

తాజాకలం:

అయ్యా నేను ఈయన భార్యను. అయిదో తరగతి చదివినాను తప్పులుంటే మన్నించవలె. కాగితాలు బల్ల మీద పెట్టి నీళ్లు పోసుకునే దానికి పోయినారు. నేను చదివినాను. గొట్టం పొగ పోచమ్మ వాళ్ల మీద పడే సంగతి నాకు ఇన్నాళ్లు చెప్పలేదు. గ్యాసు పెట్టేది తమకు అయితే పెట్టండి. కాకపోతే గొట్టం దించేయండి. పోచమ్మకు ఆరు ఇండ్ల పని ఉంది, నాకేం పని, ఇంట్లో కూర్చునేదాన్ని. మా ఇంటి మీదనే పడనీండి. నాకు అలవాటే.
ఇట్లు రమాదేవి.

అయ్యా, పై పంక్తులు నా భార్య నేను లేని సమయంలో రాసినవి. అవి ఈ అర్జీలో భాగము కావు. తిరగరాసి సమర్పించడానికి వ్యవధి లేదు, ఫైలు ఈ సాయంత్రమే తమ బల్ల మీదికి వస్తుంది. వాటిని కొట్టివేయాలని మూడుసార్లు కలం పట్టుకున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తున్నది. గ్యాసు మంజూరు చేసి ఆ పంక్తులను తమరే కొట్టివేయవలెను.

శేషాద్రి